పాతర మీద మంచం

నా చిన్నప్పుడు ఒక పెద్దమనిషి కుడిచేయి పడిపోవాలని పోచమ్మకు కొబ్బరికాయ మొక్కుకున్నాను. అప్పుడు నాకు పదకొండేళ్ళు. ఆ మొక్కును వెనక్కి తీసుకున్నట్టు నాకైతే గుర్తు లేదు. నా మోకాళ్ళు అరిగిపోయి, రెండు కళ్ళకూ ఆపరేషన్లు అయ్యాక కూడా ఆయన్ని తలుచుకుంటే పళ్ళు బిగుసుకుంటాయి. పేరు మాత్రం చెప్పను. చెబితే ఆయనకు ఇంకొంచెం పేరొస్తుంది, అది నాకిష్టం లేదు.

మా ఊరు పటాన్‌చెరు నుంచి జిన్నారం పోయే దారిలో, బస్సు దిగి రెండు మైళ్ళు లోపలికి నడిస్తే వచ్చేది. పటాన్‌చెరు చుట్టూ అప్పటికే పొగగొట్టాలు లేస్తున్నాయి గానీ మా వైపు ఇంకా రాలేదు. మాకు వాగుగట్టున రేగడి చేను ఉండేది. తాత పోయాక దాన్ని నాయనమ్మే చూసుకునేది, మా నాన్న ఆమె చెప్పినట్టు దున్నేవాడు. జొన్న, కంది, శనగ వేసేవాళ్ళం. బావి కింద కొంచెం ఉల్లి, మిరప. వరన్నం పండగకే, మిగతా రోజులన్నీ జొన్నరొట్టె.

ఆ ఏడాది హోళీ వెళ్ళిన వారానికి పట్నం నుంచి ఆయన వచ్చాడు. ఒక వారపత్రికలో ఊర్ల గురించి రాసేవాడు. వారానికొక ఊరు చూసి, అక్కడి మనుషులు, దారులు, నీళ్ళు, తిండి ఎలా ఉన్నాయో చెప్పేవాడు. ఆ పత్రిక మా బడికి వచ్చేది. మా సారు దాన్ని క్లాసులో చదివి వినిపించేవాడు. ఏదో నది మీద తెల్లవారుజామున పడవలో పోయిన సంగతి ఆయన రాస్తే, నదంటే ఏంటో ఎరగని నాకు నీళ్ళలో పెట్టినట్టు కాళ్ళు చల్లబడ్డాయి. అబద్ధమెందుకు, ఆయనకు రాయడం వచ్చు. రానివాడు రాసి ఉంటే నాకింత కడుపుమంట ఉండేది కాదు.

అలాంటి మనిషి మా ఊరికి వచ్చాడంటే నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. బడిలో బాగా చదివేది నేనే కాబట్టి ఊరు చూపించే పని సారు నాకే అప్పజెప్పాడు. ఇంటికి ఉరికి బతుకమ్మకు కుట్టించిన లంగా కట్టుకుని వచ్చాను. ఆయన భుజానికి గుడ్డసంచి, చేతిలో నల్ల అట్ట నోటుబుక్కు ఉన్నాయి. ఆ బుక్కులో మా ఊరు పడబోతుందని నేను దాన్నే చూస్తూ నడిచాను.

ఇక్కడ మా అలవాటొకటి చెప్పాలి. మా వైపు కొత్త మనిషి ముందు ఎవరూ తమకున్నది ఉన్నట్టు చెప్పరు. దిష్టి తగులుతుందని భయం. బర్రె కుండెడు పాలిస్తుంటే దూడకే చాలడం లేదంటారు. పిల్లవాడు బొద్దుగా ఉంటే బొట్టు పెట్టి, వీడు ముద్ద ముట్టడని మొత్తుకుంటారు. అది అబద్ధమని మేము అనుకోము. చేనుకు కంచె వేసినట్టు మాటకూ కంచె వేస్తామంతే. గింజ వెళ్ళలేదని ఒకరంటే పంట ఇల్లు చేరిందని మిగతావాళ్ళకు అర్థమయ్యేది. బాగా పండిందని ఎవరైనా నోరారా అంటే, వాడికి మతి గాని చెడిందా అని చూసేవాళ్ళం.

ఆయన ఆ ఉదయం ఎవరిని పలకరించినా అదే జవాబు. "ఏం పంట సార్, గీ రాళ్ళల్ల ఏం పండుతది?" అన్నాడొకాయన, శనగలు ఇల్లు చేర్చి నాలుగు రోజులు కూడా కాలేదు. కోతలు అయిపోయాయి కాబట్టి చేలు బోడిగా ఉన్నాయి, రేగడి నెర్రెలిచ్చింది. వాగు దాకా పోదాం సార్ అని నేను రెండుసార్లు అన్నాను. ఆయన ఎండ వైపు చూసి, వద్దులే పాపా అన్నాడు. తర్వాత, మీ ఊళ్ళో చూడదగ్గవి ఏమున్నాయని నన్నే అడిగాడు. ఏం లేవు సార్ అన్నాను. ఎవరూ నేర్పకుండానే ఆ మాట నా నోట్లోంచి వచ్చింది.

మధ్యాహ్నం మా ఇంట్లో తిన్నాడు. వాకిట్లో పందిరి కింద నాయనమ్మ మంచం వాల్చింది. ఆ మంచం కింద మా పాతర ఉంది. పాతరంటే జొన్నలు దాచుకునే గొయ్యి. నిలువెత్తు లోతు తవ్వి, చుట్టూ గడ్డి పేర్చి, గింజలు పోసి, పైన బండ పెట్టి మట్టితో మెత్తేవాళ్ళు. నెలల తరబడి పురుగు పట్టదు. భూమిలో ఉన్నందుకు ఆ గింజకు కొంచెం పులిసిన వాసన వస్తుంది. మాకు ఆ వాసన ఉంటేనే రొట్టె రొట్టెలా ఉండేది. ఆయన కందిపప్పుతో, చింతకాయ తొక్కుతో మూడు రొట్టెలు తిని, ఈ జొన్నలు ఎక్కడివమ్మా అని అడిగాడు.

"ఏడియి సార్, అంగట్ల కొనుక్కచ్చుకున్నయే," అంది నాయనమ్మ. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కాలి బొటనవేలు పాతర బండ మీదే ఉంది.

మూడు వారాలకు పత్రిక వచ్చింది. సారు లేచి నిలబడి గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టి, సగంలో ఆపేసి పత్రిక మూసేశాడు. బడి వదిలాక నేను దాన్ని తీసుకుని చదివాను. మాది రాళ్ళ ఊరట. రైతులే ఇక్కడేమీ పండదని నిజాయితీగా ఒప్పుకున్నారట. చూడడానికి ఏమీ లేదని ఒక చిన్నపిల్ల కూడా చెప్పిందట. జొన్నలు సైతం బయట కొనుక్కునే పేదరికమట, ఆ రొట్టెలకు పాతబడ్డ గింజల పులిసిన కంపు ఉందట. ఇలాంటి నేలకు ఫ్యాక్టరీ రావడమే వరమని చివర్లో రాశాడు. ప్రతి వాక్యం చక్కగా ఉంది. మూడు రొట్టెలు తిన్నట్టు మాత్రం ఎక్కడా రాయలేదు.

నాయనమ్మకు చదివి వినిపించాను. మిగతాదంతా ఊరకే విన్నది. రొట్టెల కంపు దగ్గర మాత్రం చేస్తున్న పని ఆపేసింది.

ఆ నెలలోనే ఒక జీపు వచ్చింది. ఏదో కంపెనీ తరఫున భూములు చూసే మనిషి చావడి దగ్గర అందరినీ కూర్చోబెట్టాడు. వాగుగట్టు పొడవునా ఉన్న చేలన్నీ కంపెనీకి కావాలట. కాగితాలు ముందే రాసుకుని తెచ్చాడు. వాటిలో మా రేగడి చేను కూడా బీడని ఉంది. ఇది బీడు కాదయ్యా అని మా నాన్న అనేసరికి, ఆ మనిషి నవ్వి, ఫైల్లోంచి పత్రిక కాగితం తీసి చదివాడు. మీరే చెప్పారు కదా, ఇదిగో అచ్చులో ఉంది అన్నాడు. అన్నది మేమే, దాన్ని కాదనడం ఎలాగో ఎవరికీ తెలియలేదు. వచ్చే బుధవారం ఆ రాసినాయన్నే వెంటబెట్టుకుని వస్తాను, ఆ రోజు అందరూ వేలిముద్రలు వేయాలని చెప్పి జీపెక్కాడు. వేలిముద్ర పడితే మా చేను బీడు లెక్కన పోతుంది, జొన్న పోతుంది, పాతర ఖాళీ అవుతుంది. అది నాకు కూడా అర్థమైంది.

పోచమ్మకు మొక్కుకున్నది ఆ సాయంత్రమే. వచ్చి నాయనమ్మకు చెప్పాను. ఆయన మీద పేడనీళ్ళు పోస్తానని, జీపు టైర్లలో మేకులు దింపుతానని కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు.

"చెయ్యి పడిపోతే ఇంకో చెయ్యితోని రాస్తడు. పేడ పోస్తే చెంబెడు నీళ్ళతోని కడుక్కుంటడు. గాయన రాసింది కడిగితే పోతదా? మనం గూడ కడిగితే పోనిదే చెయ్యాలె," అంది. తర్వాత, నీ దగ్గర రాయని నోటుబుక్కు ఉందా అని అడిగింది.

మరుసటి రోజు నుంచి రెండు రోజులు నన్ను బడికి పంపకుండా ఊరి చేలన్నీ తిప్పింది. పుట్టిన దగ్గర నుంచి తనకున్నది బాగుందని ఎన్నడూ అనని మనిషి, ఒక్కొక్క గట్టు మీద నిలబడి గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది. చెప్పిన ప్రతిసారీ వంగి మట్టి తాకి, పక్కకు మూడుసార్లు థూ థూ అని ఉమ్మేది. ఆమె గొంతు వణకడం నేను విన్నది ఆ రెండు రోజులే. దిష్టి అంటే ఆమెకు పాముకంటే భయం. మా చేను గురించి చెప్పేటప్పుడైతే నా భుజం పట్టుకుని నిలబడింది.

నేను మొదటి పేజీలో, మా ఊరి వాగు ఎంతో అందంగా ఉంటుందని రాశాను. చదివించుకుని మొహం చిట్లించింది. "అందమంటే ఏంది? గది సూస్తే ఏం తెలుస్తది? ఎండకాలం చెలిమె తోడితే ఎంత లోతుకు నీళ్ళు పడతయో గది రాయి," అంది. ఇసుకలో చెయ్యి పెట్టి తోడాను. మోచేతి దాకా పోయేసరికి నీళ్ళు ఊరాయి. మోచేతి లోతు అని రాసుకున్నాను. పెద్దరాయి మడిలో ఉల్లిగడ్డ పెద్దవాళ్ళ పిడికిలిలో కూడా ఇమడదని రాసుకున్నాను. గాజుల చెలకలో ఆరుద్ర పురుగు తేలిన మూడో రోజుకు విత్తితే గింజ తప్పదని, దొంగల బాయి నీళ్ళతో పప్పు తొందరగా ఉడుకుతుందని, సీతాఫలాల గుట్ట మీద తూర్పు వైపు పండ్లే తియ్యగా ఉంటాయని రాసుకున్నాను. అంతకుముందు ఇవన్నీ నేను రోజూ చూసినవే, ఎన్నడూ చూడనివే.

బుధవారం వాళ్ళిద్దరినీ, ఊరి పెద్దలనూ మా వాకిట్లో భోజనానికి పిలిచింది. ఊరంతా చూడడానికి వచ్చి గోడల మీద కూర్చుంది. పొద్దున్నే పాతర బండ తీయించి, లోపలి వేడి గాలి పోయేదాకా ఉంచి, పైన గోనెపట్టా కప్పించి, దాని మీద మళ్ళీ మంచం వాల్పించింది. నాకు ఒక పని చెప్పింది. చేలోంచి మూడు బల్లపరుపు రాళ్ళు ఏరి, రొట్టెలంత ఉన్నవి చూసి, బావి దగ్గర తోమి తెమ్మంది. పండగకు కూడా గిన్నెలు అంత సంతోషంగా తోమలేదు నేను. ఒక్క మట్టి మరక లేకుండా తోమాను.

అందరికీ మోదుగ విస్తర్లు వేసి రొట్టెలు, పప్పు, తొక్కు, ఉల్లిగడ్డ వడ్డించారు. ఆయన విస్తట్లో మాత్రం నాయనమ్మ తన చేత్తో మూడు రాళ్ళు పెట్టి, పక్కన ఇంత ఉప్పు వేసింది.

"తినుండ్రి సార్. మా ఊర్ల పండేటియి గివే అని మీరే రాస్తిరి. మా రొట్టెలు కంపు కొడతయి, గీ రాళ్ళకు వాసన గూడ రాదు," అంది.

గోడల మీద నవ్వులు లేచాయి. కంపెనీ మనిషి రొట్టె తుంచి పప్పులో ముంచిన చెయ్యి అట్లాగే ఉంచేశాడు. రాసినాయన మొహం ఎర్రబడింది. ఆ ఎరుపును నేను కళ్ళారా తాగాను, ఇందులో సిగ్గుపడేదేమీ లేదు. అయితే ఆయన తెలివైనవాడు. తల ఎత్తి, నేనేమీ కల్పించలేదమ్మా, మీరు చెప్పిందే కదా రాశాను అన్నాడు. నవ్వులు ఆగిపోయాయి. అది నిజమని ఆ వాకిట్లో అందరికీ తెలుసు.

నాయనమ్మ తొణకలేదు. "చెప్పిన. దిష్టి తగుల్తదని భయపడి చెప్పిన, నా తప్పే. మేం సదువురానోళ్ళం, నోటికొచ్చింది అంటం. నువ్వు రాసేటోనివి గదా బిడ్డా, నీ కండ్లు ఏడ వెట్టుకున్నవ్?" అని, ఆయన్ని లేపి, కూర్చున్న మంచం పక్కకు జరిపించి గోనెపట్టా లాగేసింది. పాతర నోటి దాకా జొన్నలు. ఆ పులిసిన వాసన గుప్పున లేచి వాకిలంతా పరుచుకుంది. కొత్తవాళ్ళ కళ్ళ ముందు పాతర తెరవడం మా ఊళ్ళో అంతకుముందు ఎవరూ చేయని పని. ముసలివాళ్ళు కొందరు మొహం తిప్పుకున్నారు కూడా. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వైపు చూసి తల ఊపింది.

నేను నోటుబుక్కు తెరిచి చదివాను. పెద్దరాయి మడి దగ్గరికి వచ్చేసరికి దాని ఆసామి తల దించుకున్నాడు, తిడతాడేమో అనుకున్నాను. దొంగల బాయి దగ్గరికి వచ్చేసరికి గోడ మీద నుంచి ఎవరో, మా బాయి రాయకపోతివి పిల్లా, అని అరిచారు. ఆ తర్వాత ఇక ఆగలేదు. ఇన్నేళ్ళు దాచిన మాటలన్నీ ఒక్కసారే వచ్చాయి. నా చేను గురించి రాయి, మా కంది గురించి రాయి, మా బర్రె ఎన్ని పాలిస్తదో రాసుకో అని ఒకరి మీద ఒకరు పడి చెప్పారు. థూ థూ అంటూనే చెప్పారు. కంపెనీ మనిషి బీడు కాగితాలు ఫైల్లో పెట్టి తాడు కట్టాడు. ఆ రోజు ఒక్క వేలిముద్ర కూడా పడలేదు.

ఆయన చెయ్యి కడుక్కునే అవసరం లేకుండానే బయల్దేరాడు. పోతూ పోతూ నా దగ్గర వంగి, ఆ పుస్తకం ఇస్తావా పాపా, మళ్ళీ రాస్తాను అన్నాడు. గొంతులో ఎగతాళి లేదు. నేను పుస్తకాన్ని వీపు వెనక దాచుకున్నాను. ఇవ్వను సార్ అన్నాను. వచ్చిన జీపు ఎక్కకుండా, రెండు మైళ్ళు ఎండలో, ఖాళీ కడుపుతో నడిచి బస్సెక్కాడు. మా ఊరి గురించి ఆయన మళ్ళీ ఎన్నడూ రాయలేదు. పాత పత్రికలు ఎక్కడైనా ఉంటే వాటిలో మా ఊరు ఇప్పటికీ బీడే. ఆ రోజు పుస్తకం ఇచ్చి ఉంటే ఏమయ్యేదో అని చాలాసార్లు అనుకున్నాను. ఇచ్చి ఉండాల్సిందని మాత్రం ఒప్పుకోబుద్ధి కాదు.

అందరూ పోయాక నాయనమ్మకు రొట్టె పెట్టుకుని తీసుకుపోయాను. వద్దంది. గెలిచాం కదా నాయనమ్మా, తినవేంది అన్నాను. ఆమె గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది, బాగా అలిసిపోయి ఉంది.

"ఇంటికొచ్చినోన్ని ఆకలితోని పంపిన. పంపాల్సిందే, గందుకే పంపిన. గని పగ ఊకె రాదు బిడ్డా. కోపం నాది, ఉపాసం గూడ నాదే," అంది. మరుసటి రోజు పొద్దున దాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు.

ఆ కంపెనీ వేరే వైపు పోయింది. మా చేను ఇంకా చాలా ఏళ్ళు పండింది, పాతర నిండింది. తర్వాత ఎగువన వేరే ఫ్యాక్టరీలు వచ్చాయి. వాళ్ళు మా భూములు అడగలేదు, నీళ్ళు పాడు చేశారు. వాగు ఒక రోజు పచ్చగా, ఒక రోజు ఎర్రగా పారేది. చెలిమెలో నీళ్ళు నోట పెట్టలేకపోయాం. జొన్న కంకి పాలు పోసుకోక ఎండిపోయింది. అప్పటికి నాయనమ్మ లేదు. ఆ పాతరను మా నాన్న మట్టితో పూడ్చిన రోజు నేను కాలేజీ నుంచి వచ్చి చూసి, అటునుంచే తిరిగి బస్సెక్కాను. వాళ్ళ మీద ఉన్న పగ ఆయన మీది పగకంటే పెద్దది. అది వేరే చెబుతాను, నాకు ఇంకా బతుకుంది.

నేను తెలుగు టీచర్నయ్యాను. ఈ చుట్టుపక్కల బడుల్లోనే రిటైరయ్యే దాకా పనిచేసి, ఇప్పుడు ఇంద్రేశంలో కొడుకు దగ్గర ఉంటున్నాను. మా ఊరి మీద వ్యాసం రాయమంటే ప్రతి ఏడాదీ పిల్లలందరూ పచ్చని పొలాలతో కళకళలాడుతూ ఉంటుందని రాసేవాళ్ళు. కిటికీలోంచి చూస్తే రేకుల షెడ్లు, పైపులు. ఎర్ర సిరాతో కొట్టేసి, మీ ఇంటి నల్లాలో నీళ్ళు ఎన్ని గంటలకు వస్తాయి, ఏ రంగులో వస్తాయి, అది రాయమనేదాన్ని. ఒరిస్సా నుంచి వచ్చిన ఒక కార్మికుడి కూతురు, వాళ్ళ గదిలో ఒకే పరుపు మీద పగలు ఇద్దరు, రాత్రి ఇద్దరు వంతులవారీగా పడుకుంటారని తప్పుల తెలుగులో రాసింది. దానికి నేను వేసినన్ని మార్కులు ఎవరికీ వేయలేదు.

బయటి ఊర్ల గురించి నేనూ కొన్ని రాశాను, కొన్ని అచ్చయ్యాయి. ఎక్కడికి పోయినా వాళ్ళు ఏం లేదన్న చోటే ఎక్కువసేపు కూర్చుంటాను. అయితే మనుషుల్ని కుళ్ళబొడవాలని రాసినప్పుడు మాత్రం ఒక నియమం పెట్టుకున్నాను. అది రాసిన పూట అన్నం తినను. ఉపవాసం ఉండేంత కోపం లేకపోతే కాగితం తీయను. అందుకే తక్కువ రాశాను. షుగరు మాత్రలు వేసుకుంటూ ఇదేం పట్టుదలని డాక్టరు కేకలేస్తాడు, నిజమే. ఇందాకటి నుంచి కోడలు రెండుసార్లు అన్నానికి పిలిచింది. ఈ పూట నాకు పెట్టొద్దమ్మా అని చెప్పాను.